చెరపరాని పందొమ్మిది

హికరీ ఫోర్క్ ఊళ్లోని మెథడిస్టు చర్చి శ్మశానంలో రెండు వందల పన్నెండు సమాధి రాళ్లున్నాయి. ఒక్కదాని మీదా పేరుగానీ ఏడుగానీ తప్పు లేదని ఓజెల్లా ప్రూయిట్‌కి మహా గర్వం. నలభై ఏళ్లుగా వాటిని తోమేదీ, చర్చి చరిత్ర రాసేదీ ఆవిడే మరి.

1961లో భర్త హార్లన్ పోయినప్పుడు, అక్కడందరూ చేసినట్టే, ఇద్దరికీ కలిపి ఒకే రాయి నిలబెట్టించింది. తన పేరు, పుట్టిన ఏడు 1911, ఆ పక్కన పోయే ఏడుకి "19" మాత్రం చెక్కించి, మిగతా రెండంకెలకీ చోటు వదిలింది. రెండువేల సంవత్సరం దాకా ఉంటానని ఎవరనుకుంటారు?

1999 మే నెలలో, సమాధులకి పూలు పెట్టే ఆదివారం, రాయి తోముతూ ఆ "19" దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

భోజనాల దగ్గర ఆడపడుచు మాడీ చురక అంటించింది. "ఇంక ఏడు నెలలే వదినా నీకు!"

శ్మశానం కమిటీ పెద్ద డెల్మర్ కోడికాలు కిందపెట్టి మర్యాదగా అన్నాడు: "తొందరేం లేదు పిన్నీ, నీ వీలు చూసుకో. కాకపోతే గ్రానైటు మీద పడ్డ అంకె చెరపడం కుదరదట. చెక్కేవాణ్ణి అడిగాను."

"ఎప్పుడడిగావురా?"

"పోయినేడే."

ఓజెల్లా పళ్లెం పక్కకి నెట్టి లెక్క వేసుకుంది. వచ్చే ఏడాది ఆగస్టుకి చర్చికి నూట యాభై ఏళ్లు. పదకొండేళ్లుగా రాస్తున్న చరిత్ర ఆ రోజు తనే చదవాలి. చదవాలంటే బతకాలి. రాయి బాగుండాలంటే ఈ ఏడే పోవాలి.

నవంబరులో న్యుమోనియా వచ్చి మంచాన పడింది. డెల్మర్ మోకరించి, "ప్రభువా, తగిన సమయంలో..." అని ప్రార్థన మొదలెట్టాడు.

ఓజెల్లా ఒక కన్ను తెరిచింది. "తగిన సమయం అంటే ఎప్పుడురా?"

"అది ఆయనకే వదిలేశాను పిన్నీ," అన్నాడు, ఎర్రబడిపోయి.

రెండువేల సంవత్సరం జనవరిలో మొదటి ఆదివారం, చేతికర్ర టకటకలాడించుకుంటూ ఓజెల్లా చర్చిలోకి వచ్చింది. పాట మధ్యలో ఆగిపోయింది.

"బంగారంలాంటి రాయిని పాడుచేశావు కదా వదినా!" అంటూ మాడీ వాటేసుకుని ఏడ్చింది.

ఆగస్టులో ఓజెల్లా నిలబడి చరిత్ర గంటన్నర చదివింది. ఆఖరి వాక్యం ఇది: "మన శ్మశానంలో తప్పున్న రాయి ఒక్కటే. అది నాది. ఎవరూ దిద్దొద్దు."

డెల్మర్ చెయ్యెత్తాడు. "మరి అసలు ఏడు ఎక్కడ చెక్కించమంటావు పిన్నీ?"

"కింద బోలెడు చోటుందిగా నాయనా," అంది ఓజెల్లా, కాగితాలు మడుస్తూ. "తొందరేం లేదు. నీ వీలు చూసుకో."