ఏదీ ఉంచుకోని పిన్నిగారు

మా పక్కింటి పిన్నిగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున, పాలవాడు వచ్చి వెళ్ళాక. మందు వేద్దామని నేను లోపలికి వెళ్ళేసరికి ఊపిరి లేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఆ చెయ్యి పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. మా ఆయన వచ్చి భుజం మీద చెయ్యి వేసి, “ఇక లే, వాళ్ళవాళ్ళకి ఫోన్లు చెయ్యాలి” అన్నాక గానీ లేవలేదు. అప్పటి నుంచి ఏ పని మొదలుపెట్టినా ఏడుపొస్తోంది. ఇది కూడా ఏడుస్తూనే రాస్తున్నాను. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

ఆవిడకి నేను చుట్టాన్ని కాను. వాళ్ళు చర్చికి వెళ్తారు, మేము గుడికి వెళ్తాం. బందరులో మేము ఈ వాటాలోకి అద్దెకు దిగిన రోజున గోడ మీంచి తొంగి చూసి, “అమ్మాయ్, మంచినీళ్ళ పంపు సాయంత్రమే వస్తుంది, ఈలోగా మా ఇంట్లో పట్టుకో” అన్నారు. ఆ పూట మొదలు నేను పిన్నిగారనే పిలిచాను. ఆవిడ ప్రభుత్వంలో ఆడిట్ ఆఫీసరు. పెళ్ళి చేసుకోలేదు. సొంతూరు దివిసీమలో, నాగాయలంక అవతల సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె. చాలాకాలం గుడివాడలో పనిచేశారు. పొద్దున్నే ప్యాసింజరు బండెక్కి వెళ్ళి, సాయంత్రం బండికి దిగేవారు. భుజాన గుడ్డసంచి, అందులో మంచినీళ్ళ సీసా, ఫ్లాస్కులో టీ. ఆడిట్ కి వెళ్ళిన చోట పచ్చి మంచినీళ్ళైనా ముట్టరని అందరికీ తెలుసు. “ఆవిడొస్తున్నారు, ఇవాళ టిఫిన్లు చెప్పకండి, దండగ” అనుకునేవారట ఆఫీసుల్లో. ఈ మాట ఆవిడే చెప్పి తెగ నవ్వేవారు.

ఆఫీసుల్లో అయితే సరే. ఇంటి దగ్గర కూడా అంతే, అదీ నా ఏడుపు.

మన వైపు గిన్నెలో కూర పెట్టి పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు. అవతలివాళ్ళు గుప్పెడు పంచదారో, రెండు అరటిపళ్ళో వేసి, ఎప్పుడో వీలున్నప్పుడు పంపిస్తారు. అది మర్యాద. పిన్నిగారి దగ్గర అది మర్యాద కాదు, ఆడిట్. నేను గోంగూర పంపిస్తే గంట తిరక్కుండా గిన్నె తళతళా తోమి, దాన్నిండా మాగాయ పెట్టి గోడ మీద పెట్టేవారు. గారెలు పంపిస్తే కేకు వచ్చేది. మామిడిపళ్ళు పంపిస్తే సపోటాలు వచ్చేవి, అదీ నా పళ్ళకంటే రెండు ఎక్కువే తప్ప తక్కువ కాకుండా.

“అదేంటండీ పిన్నిగారూ, కూరకి కూర చెల్లేసుకోవటానికి మనమేమన్నా వ్యాపారం చేసుకుంటున్నామా?” అని ఒకసారి గోడ దగ్గరే దెబ్బలాడాను.

“నీ చేతి వంట నాకిష్టమే అమ్మాయ్. తిన్నాను కదా. ఇంకేం కావాలి నీకు?”

“ఉంచుకోవటం కావాలండీ! ఒక్కసారి ఊరికే ఉంచుకోండి.”

నవ్వేసి లోపలికి వెళ్ళిపోయారు.

ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతం ఎందుకని మీకనిపించొచ్చు. మా రెండో పిల్ల పుడుతూనే పోయింది. మా అత్తగారివైపు వాళ్ళు నేనేదో చేసినట్టు మొహం చాటేశారు. మా అమ్మ కాలు విరిగి మంచం మీదుంది. అప్పుడు పిన్నిగారు సెలవు పెట్టి నా పక్కన కూర్చున్నారు. పాలు గడ్డకట్టి జ్వరం వస్తే తడిగుడ్డ వేశారు. అన్నం కలిపి ముద్దలు పెట్టారు. వచ్చిన ప్రతివాళ్ళూ మర్చిపో, మర్చిపో అన్నారు. ఆవిడొక్కరే, “పేరు అనుకున్నావా అమ్మాయ్?” అని అడిగారు. చెప్పాను. పైకి అనలేదు, పెదాలు కదిపి తనలో తనే ఒకసారి అనుకున్నారు. ఆ పేరు మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.

అలాంటి మనిషికి నా చేత్తో ఏదో ఒకటి ఇవ్వాలి, ఆవిడ దాన్ని ఉంచుకోవాలి. ఇన్నేళ్ళూ నేను కోరుకున్నది అదొక్కటే. తీసుకుంటూనే ఉండటం కూడా కష్టమేనండీ, ఎవరూ చెప్పరు గానీ.

ఒకసారి మరీ పోట్లాడితే, మెట్ల మీద కూర్చోబెట్టి వాళ్ళ నాన్నగారి సంగతి చెప్పారు. ఉప్పెన వచ్చి పోయాక వాళ్ళ ఊరికి ఇళ్ళ మీద వేసుకునే రేకులు వచ్చాయట. చర్చి పెద్ద కాబట్టి ఆయన్ని పంచమన్నారు. ఆయన కూలిన ఇల్లూ కూలిన ఇల్లూ చూసుకుంటూ వరసగా ఇచ్చుకుంటూ వెళ్ళారు. భార్యనీ ఇంటినీ ఒకేసారి పోగొట్టుకున్న ఒకతను, రేకులు అందిన మర్నాడు బుట్టెడు రొయ్యలు పట్టి తెచ్చి, వాళ్ళ గుమ్మంలో పెట్టి, దండం పెట్టి వెళ్ళాడు.

“నాన్న కాదనలేకపోయాడమ్మా. ఆ మనిషి దగ్గర ఇంకేముందని, ఇవ్వటానికి? తీసుకున్నాడు. పొద్దుగూకేసరికి ఊరంతా ఒకటే మాట, రొయ్యలిస్తే రేకులు ముందొస్తాయంట అని. ఆ తర్వాత నాన్న చర్చిలో ముందు వరసలో కూర్చోలేదు. పోయేదాకా గుమ్మం దగ్గరే, చెప్పుల పక్కన.”

“ఆయన తప్పేం చెయ్యలేదు కదండీ.”

“చెయ్యలేదు. కానీ బుట్ట అందరికీ కనపడింది. మనసు ఎవరికి కనపడుద్ది?”

నేనింక నోరు మూసుకున్నాను. ఓ వారం రోజులు. తర్వాత మళ్ళీ గిన్నె పంపాను, మళ్ళీ నిండుగా తిరిగొచ్చింది.

రిటైరయ్యాక హాయిగా ఇంటిపట్టున ఉంటారనుకున్నాం. ఎక్కడో పసిఫిక్ సముద్రంలో చిన్న చిన్న దీవులు, ఒక్కో దీవుల గుంపూ ఒక్కో దేశం. అవన్నీ కలిసి లంచాలు అరికట్టటానికి ఒక ఉమ్మడి కార్యక్రమం పెట్టుకున్నాయట. అక్కడి కొత్త ఆఫీసర్లకి పని నేర్పటానికి అనుభవం ఉన్నవాళ్ళు కావాలని ఇంగ్లీషు పేపర్లో చూసి అర్జీ పెట్టారు. వాళ్ళు రమ్మన్నారు. ఈ వయసులో అంత దూరం ఎందుకండీ అని నేను గోల పెడితే, “దివిసీమలో పుట్టినదాన్ని, నాకు నీళ్ళు కొత్తా, గాలివానలు కొత్తా?” అని పెట్టె సర్దుకున్నారు. ఆ పెట్టెలో మాగాయ సీసాలు రెండు నేనే పెట్టాను. దానికి బదులుగా వాళ్ళింటి సీలింగ్ ఫ్యాను మాకు వేయించి మరీ వెళ్ళారు. ఏమనాలి ఆవిడని?

అక్కడ ఆవిడ పని ఎక్కువగా తుపాను సాయం మీద. పెద్ద దేశాలు పంపిన రేకులు, బియ్యం, టార్పాలిన్లు ఓడ దిగి, పడవలెక్కి దీవులకి చేరేలోపు దారిలోనే కరిగిపోయేవి. ఎవర్నడిగినా మాకు తెలీదనేవారు. ఆవిడ ఏం చేశారంటే, ఆదివారం చర్చిలో చదివించారు. పిన్నిగారి పల్లెలో ఆరాధన అయ్యాక ప్రకటనలు చదువుతారు కదా, ఎవరింట్లో పెళ్ళి, ఎవరు కోడిని కానుక పెట్టారు, ఎవరు కొబ్బరికాయలు తెచ్చారు అని, ఆ దీవుల్లోనూ అదే పద్ధతి ఉందట. ఆదివారం ఊరు ఊరంతా చర్చిలోనే ఉంటుందట. అందుకని ఈ వారం పడవలో మన దీవికి ఏమేం బయల్దేరాయో, ఎవరికి ఏం చేరాలో ఆ ప్రకటనల్లోనే గట్టిగా చదవమన్నారు.

“మొదట్లో అక్కడి పెద్దలకి ఒళ్ళు మండిపోయిందమ్మా,” అని ఫోన్లో చెప్పారు. “మమ్మల్ని దొంగలంటున్నారా అని లేచారు. కాదయ్యా, మీ మీద దొంగ అనే మాట పడకూడదనే చదవమంటున్నాను, మా నాన్న రేకులు పంచేముందు ఎవరో ఒకరు ఇలా చదివించి ఉంటే ముందు వరసలోనే కూర్చుని పోయేవాడు అన్నాను. ఒక ముసలాయన లేచి నిలబడి నేను చదువుతాను అన్నాడు.”

తర్వాత పక్క దీవులవాళ్ళూ అలా చదవటం మొదలుపెట్టారట. ఆ ఫోన్లో ఆవిడ గొంతు అంత సంతోషంగా నేను ముందూ వినలేదు, తర్వాతా వినలేదు.

కానీ తిరిగొచ్చేసరికి మనిషి దిగాలుగా ఉన్నారు. కడుపులో నొప్పి అప్పటికే మొదలైందని మాకు తెలీదు. దిగులు మాత్రం దాని గురించి కాదు. ఓ సాయంత్రం నేను చిక్కుడుకాయలు వలుస్తుంటే వచ్చి కూర్చుని, తనూ నాలుగు తీసుకుని వలుస్తూ చెప్పారు. ఒక దీవిలో ఒక పెద్దావిడ ఇంట్లో ఉన్నారట చాలా నెలలు. ఒకరి మాట ఒకరికి రాదు. ఆవిడ రోజూ వసారాలో కూర్చుని ఆకులు చీల్చి చాప అల్లుతుండేదట. పిన్నిగారు ఆ ఊరు వదిలి బయల్దేరే రోజున ఆ పెద్దావిడ ఊళ్ళోవాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఆ చాప తెచ్చి పిన్నిగారి ముందు పరిచింది. కానుకగా, పిన్నిగారికే.

“నేను ఆఫీసర్లకి పాఠాలు చెప్పేదాన్ని. నా శిష్యులంతా చూస్తున్నారు. మడతపెట్టి ఆవిడ ఒళ్ళో పెట్టేశాను. వద్దమ్మా అని దండం పెట్టాను. మంచిపనే చేశాననుకున్నానే అమ్మాయ్.”

“ఆవిడేమందండీ?”

“ఏమీ అనలేదు. లేచి లోపలికెళ్ళింది. పడవ ఎక్కాక నాతో వచ్చిన ఆఫీసరమ్మాయి ఏడుస్తూ చెప్పింది. మేడమ్, ఇక్కడ దాచి ఇచ్చేది లంచం, పదిమందిలో పరిచి ఇచ్చేది బంధుత్వం, మీరు ఆవిణ్ణి నువ్వు నాకేమీ కావు పొమ్మన్నారు అని. వెనక్కి తిప్పమన్నాను. సముద్రం బాగాలేదు, కుదరదన్నారు. మళ్ళీ పడవ దొరికి నేను వెళ్ళేటప్పటికి ఆవిడ లేదు. చాప ఆవిడతోపాటే పూడ్చారంట.”

చిక్కుడు గింజలు చేతిలో పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చారు. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు. నాకు జాలేసింది, దాంతోపాటు కోపం కూడా ముంచుకొచ్చింది.

“బాగుందండీ. ఎక్కడో సముద్రాల అవతలావిడ కోసం ఏడుస్తున్నారు. గోడ పక్కన నేనొకదాన్ని ఉన్నాను కదా, నా సంగతేంటి?” అనేశాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని నా మొహంలోకి చూశారు. “నిజమే. రేపట్నుంచి నీ గిన్నె తిప్పి పంపను, పో” అన్నారు. మర్నాడు పులిహోర పంపాను. గంటకి గిన్నె గోడ మీదుంది, అందులో బిస్కెట్ పాకెట్టు. నేను అరవబోయేలోపే ఆవిడే గోడ అవతల నుంచి, “చెయ్యి ఊరుకోవట్లేదమ్మాయ్, నన్నేం చెయ్యమంటావు?” అన్నారు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

అదే ఆఖరి నవ్వు అనుకుంటాను. తర్వాత బెజవాడ ఆస్పత్రి, సూదులు, జుట్టు రాలిపోవటం. కాన్సరు అప్పటికే ముదిరిపోయిందన్నారు. అవనిగడ్డ నుంచి తమ్ముడిగారి పిల్లలు వచ్చి పోతుండేవారు, పాపం వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళవి. దగ్గరుండి చూసుకుంది నేనే. జావ కాచి చెంచాతో పోస్తుంటే మొదట్లో మొహం తిప్పుకునేవారు. “ఇవన్నీ నీకు ఎప్పుడు తీర్చుకోనే? నాకు టైము లేదు” అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. “తీర్చుకోవద్దు, మింగండి ముందు” అని కసిరేదాన్ని.

మొన్న ఆదివారం సాయంత్రం చలిగా ఉందన్నారు. దుప్పటి కప్పబోతే వద్దని, నా కొంగు పట్టుకున్నారు.

“నీ చీర ఒకటి ఇవ్వమ్మాయ్.”

“ఉండండి, బీరువాలో కొత్తది ఉంది, తీసుకొస్తాను.”

“కొత్తది కాదు. ఇదే. నువ్వు కట్టుకున్నది.”

అది ఆకుపచ్చ నేతచీర, ఉతికి ఉతికి మెత్తబడిపోయింది, కుచ్చిళ్ళ దగ్గర పసుపు మరక. ఇంటికి పరిగెత్తి వేరేది చుట్టుకుని దాన్ని తెచ్చి ఆవిడకి కట్టాను. ఒంటికి రెండు చుట్లు ఎక్కువే వచ్చింది, అంత చిక్కిపోయారు. కొంగు మడిచి గుండెల మీద పెట్టుకుని, “ఇది మాత్రం నీకు తిరిగివ్వను. ఉంచుకుంటాను” అన్నారు.

ఎన్నేళ్ళ కోరికండీ నాది! అది తీరింది, ఎగిరి గంతెయ్యాలి. కానీ ఏదీ ఉంచుకోని మనిషి ఉంచుకుంటానంటున్నారంటే, తిరిగి ఇచ్చే రోజులు తన దగ్గర లేవని ఆవిడకి తెలిసిపోయింది. వంటింట్లోకి వెళ్ళి నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను. దేవుడా, మళ్ళీ ఒక్కసారి గిన్నె తిప్పి పంపేలా చెయ్యి, ఇంకెప్పుడూ దెబ్బలాడను అని మొక్కుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం చర్చి ఆడవాళ్ళు వచ్చారు. స్నానం చేయించి తెల్లచీర కడతామని కొత్తది తెచ్చారు. వాళ్ళ పద్ధతి అది, వాళ్ళని తప్పుపట్టను. కానీ ఆ ఆకుపచ్చ చీర మీద చెయ్యి వెయ్యగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “అది తియ్యటానికి వీల్లేదు. ఆవిడ ఉంచుకుంటానన్నారు. నాతో అన్నారు” అని అరిచాను. ఈవిడెవరు మధ్యలో అని ఎవరో గొణిగారు. పాస్టరమ్మగారు నా దగ్గరకొచ్చి, “నిజంగా ఆ మాటన్నారా అమ్మా?” అని అడిగారు. తలూపాను. ఆవిడ స్నానం చేయించాక మళ్ళీ నా చీరే కట్టించి, దాని మీద తెల్లచీర కప్పారు. పెట్టె మూసేముందు తెల్లచీర కింద నుంచి ఆకుపచ్చ అంచు కొంచెం బయటికి ఉంటే, లోపలికి సర్దింది నేనే.

ఇవాళ పొద్దున దండెం మీది బట్టలు తీసి మడతపెడుతుంటే ఆ చీర మీది జాకెట్టు చేతికొచ్చింది. వేరే ఏ చీర మీదకీ అది నప్పదు. తడి లేకపోయినా తీసుకెళ్ళి మళ్ళీ దండెం మీదే వేశాను.