ఆలూరు శెనక్కాయల మూట

కల్లూరులో మా పక్కింటి అమ్మాయి నిన్న కోర్టు నుంచి వచ్చి, ఇంటికైనా పోకుండా మా అరుగు మీద కూలబడింది. బిడ్డ మీద హక్కంతా వదులుకుంటాను, నన్ను మనోవర్తి మాత్రం అడగొద్దు అన్నాడట ఆమె భర్త. హక్కు వదులుకున్నంత మాత్రాన తండ్రికి పోషణ బాధ్యత తప్పదని వకీలు వాదిస్తే కోర్టు ఒప్పుకుందని చెబుతూ, ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. నాకూ సంతోషమే అయింది. కాఫీ కలిపి ఇచ్చి పక్కన కూర్చున్నానే గాని, నా మనసు ఒంటిమిట్టలో మా మేనమామ ఇంటి ముందు బస్సు ఆగే చోటికి వెళ్ళిపోయింది.

మన ఈడు వాళ్ళకు తెలుసు, అప్పట్లో ఇలాంటివి కోర్టు దాకా పోయేవి కావు, పెద్దమనుషులు కూర్చుని ఏది చెబితే అదే. మా అమ్మకూ నాయనకూ పొసగక, ఆమె నన్ను చంకనేసుకుని ఆలూరు నుంచి పుట్టింటికి వచ్చేసినప్పుడు, నా మీద నాయనకు ఏ హక్కూ ఉండదనీ, నా తిండికీ బట్టకూ మావాళ్ళు ఆయన్ను ఏమీ అడగకూడదనీ తీర్పు చెప్పారు. ఆయన సరేనన్నాడట. సరేనన్నవాడు ఊరుకోవచ్చు కదా, ఆ ఏడు పంట ఇంటికి రాగానే ఒక శెనక్కాయల మూట కట్టి బస్సు మీద వేశాడు. అది బస్సులు మారుతూ, ఒక కండక్టరు ఇంకో కండక్టరుకు చెప్పుకుంటూ రాగా, మా గడప ముందు దిగింది.

మా మామ మనసు వెన్న, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. "ఈ కాయలు తింటిమంటే రేపొచ్చి బిడ్డ నాదంటాడు" అని మూటను తిరుగు బస్సెక్కించాడు. మరుసటి ఏడూ మూట వచ్చింది, మరుసటి ఏడూ వెనక్కి పోయింది. చూసేవాళ్ళకు వినోదంగా ఉండేదేమో గాని నాకు ప్రాణాలు పోయేవి. ఆ గింజ ఒక్కటి నోట్లో పడినా అమ్మను వదిలి ఆలూరు పోవాల్సిందేనని గట్టిగా నమ్మాను. తిరునాళ్ళలో స్నేహితురాళ్ళు ఉడకబెట్టిన కాయలు పెడితే, ఇవి యాడివి, ఇవి యాడివి అని అడిగి వాళ్ళ చేత తిట్లు కూడా తిన్నాను.

తర్వాత వానలు ముఖం చాటేసిన ఏడు వచ్చింది. మాకూ పంట లేదు, ఆలూరు వైపు అసలే లేదు. ఈసారి రాదులే అనుకుంటే చిన్న మూట ఒకటి రానే వచ్చింది. మామ ఎత్తబోతుంటే అమ్మ అడ్డం వచ్చి, మొదటిసారిగా దాని ముడి విప్పింది. దోసెడు కాయలు తీసుకుని ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఒక్క పుచ్చు లేదు, ఒక్క తాలు లేదు, అన్నీ నిండు కాయలే. ఆ ఇంట్లో కాపురం చేసినన్నాళ్ళూ ఏటేటా చాట ముందు పెట్టుకుని అలాంటి కాయలు ఏరిన మనిషి ఆమె.

"ఇవి విత్తనానికి ఏరి పెట్టుకున్నెవి అన్నా. ఇవి పంపిచ్చి ఆయప్ప ఏం విత్తుకుంటాడు?" అంది. మామ మూట వదిలేశాడు.

అమ్మ ఆ దోసెడు కాయలు వలిచి నా చేతిలో పోసింది. నేను ఏడుస్తూ, రోడ్డు వైపు చూస్తూ నమిలాను. ఎవరూ వచ్చి నన్ను ఎత్తుకుపోలేదు. తర్వాత ఆమె మూటకు మళ్ళీ ముడి వేసి, తిరుగు బస్సు కండక్టరుకు తానే అందించింది.

"విత్తుకోమని చెప్పన్నా. బిడ్డ తినిందని గూడా చెప్పు."

ఆ తర్వాత మూట ఏనాడూ వెనక్కి పోలేదు. నాయన కూడా తన మాట తప్పి ఏనాడూ నా కోసం రాలేదు. నా పెళ్ళికి మామే స్వయంగా పిలిస్తే వచ్చి, చివరి పంక్తిలో భోంచేసి, నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు. ఆ కాయల చట్నీతో సంగటి తింటూ అమ్మ దగ్గరే హాయిగా పెరిగాను, నాకు ఏ లోటూ జరగలేదు.

పక్కింటి బిడ్డకు ఇక నెలనెలా డబ్బు ఫోనులోనే పడుతుందట. పడాలి కూడా, ఒకరి మంచితనం మీద ఆధారపడే అవసరం ఏ బిడ్డకూ ఉండకూడదు. అయినా ఆ అమ్మాయి వెళ్ళిపోయాక చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. డబ్బయితే వచ్చి పడుతుంది. బిడ్డ తినిందని ఆ తండ్రికి ఎవరు చెబుతారు?