సత్తయ్య మామ ఆడిన దీపం ఆట

మొన్న మధ్యాహ్నం జగిత్యాలలో మా బడి స్టాఫ్‌రూమ్‌లో కరెంటు పోయింది. తలమీద గడగడలాడే ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. పక్క వీధిలోని వెల్డింగ్ దుకాణం కూడా ఆగింది. ఎదుటి కుర్చీలో ఉన్న మేడం టిఫిన్ డబ్బా మూత పెడితే ఆ చప్పుడుకే ఉలిక్కిపడ్డాను, అంత నిశ్శబ్దం. మిగతావాళ్లు ఉక్కకు విసుక్కుంటూ నోటుబుక్కులతో విసురుకుంటున్నారు. నేను మాత్రం కదలకుండా కూర్చుని నా చెవుల్లో ఏమైనా మోగుతోందా అని వింటున్నాను. నిజానికి నాకు నిదానం తక్కువ. ఒకచోట కూర్చుంటే ఒంటిమీద చీమలు పాకినట్టుంటుంది. అయినా కరెంటు పోయిన ప్రతిసారీ కాసేపు ఇలా వింటాను. ఈ అలవాటు సిరిసిల్లలో సత్తయ్య మామ వల్ల పట్టుకుంది.

మామ అంటే చుట్టమేమీ కాదు. బీఎడ్ అయ్యాక కోరుట్లలో ఇంట్లో ఉండలేక, సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పడానికి చేరాను. అద్దెకు దొరికిన గది సత్తయ్య, అనసూయ దంపతులది. ముందు రెండు గదులు, వెనక రేకుల షెడ్డు, షెడ్డులో నాలుగు సాంచాలు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అవి నడుస్తుంటే గోడకు ఆనుకున్న నా మంచం కూడా వణికేది. మా ఇంట్లోనే కాదు, వీధి వీధంతా అదే మోత. మొదట్లో తల పగిలిపోయేది. తర్వాత కోపం వచ్చేది. ఆ తర్వాత, నమ్మరు గానీ, అది వినబడడమే మానేసింది. ఆ వీధిలో మాట్లాడుకోవడం అంటే అరుచుకోవడమే. సెలవుకు కోరుట్ల వెళ్తే, ఎందుకు కొట్లాటకు వచ్చినట్టు మాట్లాడుతున్నావని మా అమ్మ అడిగేది.

మామ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో బయలుదేరినట్టు ఉండేవాడు. అన్నం నిలబడి తినేవాడు. చాయ్ నడుస్తూ తాగేవాడు. పెళ్లిపీటల మీద కూడా కుదురుగా కూర్చోలేదనీ, పంతులు కొంగుముడి వేసింది అందుకేననీ అనసూయ అత్తమ్మ నవ్వేది. సాంచాలు నడుస్తున్నంతసేపూ ఫరవాలేదు. వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతూ, తెగిన పోగు అతుకుతూ, తనలో తాను ఏదో పాడుకునేవాడు. సాంచాలు ఆగితేనే అసలు తంటా. కరెంటు పోతే చాలు, చెప్పులు వేసుకుని వీధిలో పడేవాడు. పండుగ పూట ఊళ్లో సాంచాలన్నీ ఆగిన రోజున పొద్దున్నే బయలుదేరి గల్లీ గల్లీ తిరిగి, ముఖం మాడ్చుకుని వచ్చేవాడు. ఎవడో ఒకడు దొంగతనంగా సాంచా నడుపుతున్నాడని ఆయన అనుమానం. చప్పుడు వినబడుతుందట, కానీ ఏ ఇంటి ముందు నిలబడినా ఆ ఇంట్లో కాదట. వీధివాళ్లు దీన్ని వేళాకోళం చేసేవారు. సత్తయ్య జనాభా లెక్కలకు బయలుదేరాడని ఎదురింటి రాజేశం అంటే, మామతో సహా అందరూ నవ్వేవారు. రాజేశం, మామ చిన్నప్పటి నుంచి ఒకే బీడీ పంచుకున్న మనుషులు.

ఇక ఆట సంగతి. మా అన్న దుబాయిలో ఉండేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు, నేను సిరిసిల్ల బస్సు ఎక్కుతుంటే కిటికీలోంచి ఒక చిన్న వీడియోగేమ్ చేతిలో పెట్టాడు. అరచేతిలో పట్టేంత ఉంది, మడిచే మూత ఉంది. అక్కడ తన గదిలో ఉండే ఫిలిప్పీన్స్ అతని దగ్గర కొన్నాడట. అందులో ఉన్నది ఒకే ఆట, అదీ జపాను భాషలో. ఒక్క అక్షరం మాకెవరికీ రాదు. అందులో కత్తి లేదు, తుపాకీ లేదు. ఒక పిల్లవాడు చేతిలో దీపం పట్టుకుని ఊరి నుంచి ఊరికి నడుస్తాడు. ఆ పిల్లవాడు మనమే. నల్లటి నీడలు వెంటపడి దీపం ఆర్పడానికి చూస్తాయి. దారిలో ఇళ్లుంటాయి, కానీ అన్నిటికీ తలుపులు మూసే ఉంటాయి. దీపం గజగజా వణుకుతూనే ఉంటుంది. ఉరకడం, గోడ చాటున దాగడం, మళ్లీ ఉరకడం, ఆట మొత్తం ఇంతే. దుబాయిలో తానూ ఉరికి ఉరికి విసిగిపోయానని అన్న చెప్పాడు.

నేనూ విసిగి పక్కన పడేసేదాన్నే. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మామ షెడ్డు గుమ్మంలో నిలబడి దాన్ని ఆడుతున్నాడు. ఒక చెవి సాంచాల వైపు, రెండు కళ్లూ ఆట వైపు. నేను ఎప్పుడూ చేరని మూడో ఊరు దాటేశాడు. ఎలా అని అడిగితే, తెర మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు.

"నువ్వు నీడలను జూసి ఉరుకుతున్నవ్ బిడ్డా. నీడలను జూడకు, దీపాన్ని జూడు. పోగు తెగినప్పుడు సాంచాను జూస్తమా, పోగును జూస్తం గదా."

ఆ రోజు నుంచి ఆట ఆయనదైపోయింది. సాయంత్రం నేను పక్కన నిలబడి చూసేదాన్ని. ఆ పిల్లవాడి మీద ఆయనకు ఎంత జాలో చెప్పలేను. ఎంత ఉరికినా ఒక్క తలుపూ తెరుచుకోదు, ఒక్క మనిషీ పలకరించడు, ఇదెక్కడి దిక్కుమాలిన దేశమని తిట్టేవాడు. అత్తమ్మకు మాత్రం సంతోషం. ఈ బొమ్మ వచ్చాక మనిషి ఒక్కచోట నిలబడుతున్నాడు, కూర్చోవడం ఒక్కటే మిగిలిందనేది. కరెంటు పోగానే ఆటను నా మంచం మీద పడేసి ఎప్పట్లాగే వీధిలోకి పోయేవాడు. ఆ నిశ్శబ్దంలో దాని మూత తెరిచి చూడాలని మాకెవరికీ తోచలేదు.

తర్వాత బంద్ వచ్చింది. బట్ట వ్యాపారులతో కూలి గురించి మాట తెగక, పనివాళ్లూ చిన్న చిన్న సాంచాలు నడుపుకునేవాళ్లూ ఒక్కటై సాంచాలు ఆపేశారు. పండుగకు ఆపడం వేరు, బంద్‌కు ఆపడం వేరు. పండుగ నాడు ఎవరైనా నడిపితే నవ్వి ఊరుకుంటారు. బంద్‌లో నడిపితే ఆ ఇంటికి మంచికీ చెడుకూ ఎవరూ రారు. అలా వెలివేసినట్టు బతికిన ఒక కుటుంబం గురించి అత్తమ్మ గొంతు తగ్గించి చెప్పింది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

బంద్ నాటి పొద్దున సిరిసిల్ల నాకు కొత్త ఊరిలా ఉంది. కాకి అరుపు, ఎవరింట్లోనో గిన్నె దొర్లిన చప్పుడు, అన్నీ వినబడుతున్నాయి. బడికి కూడా సెలవిచ్చారు. ఏమీ తోచక గదిలో కూర్చుని ఆట మూత తెరిచాను. దీపం వణకడం లేదు. నిటారుగా నిలబడి ఉంది. నీడలు లేవు. మూసి ఉన్న తలుపులు ఒక్కటొక్కటిగా తెరుచుకున్నాయి. ఒక ముసలమ్మ బయటికి వచ్చింది, పిల్లలు వచ్చారు, ఒకాయన మేకను తోలుకొచ్చాడు. అందరూ దీపం చుట్టూ చేరి ఏదో చెబుతున్నారు. నేను ఆశ్చర్యంతో "అత్తమ్మా" అని గట్టిగా పిలిచాను. దీపం వణికింది, అందరూ ఇళ్లలోకి దూరి తలుపులు వేసుకున్నారు. నోరు మూసుకున్నాను. మళ్లీ వచ్చారు. చిన్నగా చప్పట్లు కొట్టాను. మళ్లీ పోయారు. అప్పుడర్థమైంది, ఆ డబ్బా వింటోంది. మన చుట్టూ ఉన్న మోతే ఆటలో నీడలై వస్తోంది. మోత తగ్గిన చోటే మనుషులు బయటికి వస్తారు. దుబాయిలో మా అన్న గదిలో ఎప్పుడూ ఏసీ రొద. ఇక్కడ సాంచాలు. మనుషులతో నిండిన ఆటను మేమంతా మనుషుల్లేని దేశం అనుకున్నాం.

ఈ సంగతి మామకు చెప్పాలని లేచేసరికి బయట కేకలు. పరుగెత్తాను. మామ రాజేశం షెడ్డు తలుపు ముందు నిలబడి ఉన్నాడు. లోపల సాంచా నడుస్తోందనీ, తన చెవులతో తాను వింటున్నాననీ, చిన్ననాటి దోస్తువై ఇంత మోసం చేస్తావా అనీ అరుస్తున్నాడు. రాజేశం ముఖం నల్లబడిపోయింది. తలుపుకు తాళం ఉంది, తాళం చెవి తమ్ముడి దగ్గర ఉంది, తమ్ముడు చందుర్తి పోయాడు. చుట్టూ జనం చేరారు. బంద్ పెద్దమనిషి ఒకడు కూడా వచ్చాడు. ఆ మాట నిజమైతే రాజేశానికి వీధిలో బతుకు లేదు. అబద్ధమైతే సత్తయ్యకు పిచ్చెక్కిందని తేల్చేస్తారు, ఇప్పటికే సగం మంది అలాగే చూస్తున్నారు. ఎటు తిరిగినా ఒకరు పోతారు.

నా చేతిలో ఆట ఇంకా తెరిచే ఉంది. మామ ఆ జనంలో ఎవరి మాటా వినే స్థితిలో లేడు. కానీ ఆ దీపం మాట వింటాడని నాకు అనిపించింది. ముందుకు పోయి, ఇది చప్పుడును పట్టుకుంటుంది మామా, చప్పుడుంటే దీపం వణుకుతుంది, లేకుంటే నిలబడుతుంది అని చెప్పాను. చప్పట్లు కొట్టి చూపించాను. ఒక్కసారి అందరూ నోరు మూసుకోండని బతిమాలాను. వీధి అంతా ఊపిరి బిగబట్టింది. ఆటను రాజేశం తలుపుకు ఆనించి పట్టుకున్నాను.

దీపం నిలబడింది.

మామ వంగి చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. తర్వాత చెవిని తలుపుకు ఆనించాడు. ఆ తర్వాత రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడు. ఆయన ముఖంలో కోపం ఎప్పుడు పోయిందో, భయం ఎప్పుడు వచ్చిందో నేను చూస్తూనే ఉన్నాను.

"చెవులు మూసుకున్నా ఇనబడుతున్నదే," అన్నాడు మెల్లగా. నా వైపు తిరిగి, "నీకు ఇనబడ్తలేదా బిడ్డా?" అని అడిగాడు.

లేదు మామా అన్నాను. ఆయన అత్తమ్మను అడిగాడు. పెద్దమనిషిని అడిగాడు. చివరికి రాజేశాన్ని అడిగాడు. అందరూ లేదన్నారు. ఇన్నేళ్లూ అందరికీ అలాగే వినబడుతుందనుకున్నాడు ఆయన. నిశ్శబ్దమంటే అదేననీ, దాని వెనక ఎక్కడో ఒక సాంచా నడుస్తూనే ఉంటుందనీ అనుకున్నాడు. పండుగ పూట గల్లీలన్నీ తిరిగింది, నిలబడి తిన్నది, కరెంటు పోగానే పారిపోయింది, అంతా ఆ సాంచా వల్లే. నాకు ఏడుపొచ్చింది. అన్నాళ్లూ ఆయన తిరుగుడును చూసి నవ్విన వీధిలో ఆ పూట ఒక్కరూ నవ్వలేదు. రాజేశమే ముందుకొచ్చి భుజం పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు.

తర్వాత కరీంనగర్‌కు తీసుకెళ్తే డాక్టరు చెప్పింది ఇదే. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉన్నందుకు చెవి లోపల దెబ్బతింది. లేని చప్పుడును చెవే పుట్టిస్తోంది. అది పూర్తిగా పోదు, కాకపోతే ఇకమీదట చెవులు కాపాడుకోవాలి. బంద్ ముగిశాక మామ చెవుల్లో దూది, దాని మీద తువ్వాల చుట్టుకుని సాంచాల దగ్గరికి పోయేవాడు. వీధిలో కొందరు మొదట వింతగా చూశారు, తర్వాత ఒకరిద్దరు తామూ చుట్టుకున్నారు.

రాజేశానికి మామ క్షమాపణ చెప్పగా నేను వినలేదు. కానీ ఒక ఉదయం రాజేశం షెడ్డులో సాంచాకు కొత్త బీము, అంటే పడుగు పోగులు చుట్టిన దుంగ, ఎక్కించారు. పాత పోగుల చివరలకు కొత్త పోగులు ఒక్కొక్కటే ముడివేయాలి. వందల పోగులు, ఓపిక పరీక్ష. ఆ పనికి ప్రత్యేకంగా మనుషులుంటారు. ఆ రోజు వాళ్లను పిలవనివ్వకుండా మామ వెళ్లి ఆ బీము ముందు కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. అత్తమ్మ రెండుసార్లు వెళ్లి తలుపు సందులోంచి చూసి వచ్చింది.

ఆ తర్వాత ఆదివారాలు, వీధంతా సాంచాలు ఆపుకున్న కాసేపు, మామ దీపం ఆట మళ్లీ మొదటి నుంచి ఆడాడు. ఈసారి ఉరకలేదు. ప్రతి ఇంటి ముందూ ఆగేవాడు. బయటికి వచ్చిన మనుషులు ఏం మాట్లాడుతున్నారో అక్షరాలు తెలియవు కాబట్టి, దీపం కదలనంత మెల్లగా ఆయనే చెప్పేవాడు. ముసలమ్మ మనవరాలి పురుడు గురించి చెప్పేది, మేక ఆయన వర్షం గురించి గోడు వెళ్లబోసుకునేవాడు. జపాను వాళ్లంతా సిరిసిల్ల మాటే మాట్లాడేవారు. అన్నకు ఫోన్ చేసి ఈ ఆటలో మనుషులున్నారని చెప్పాను. ఆ ఏసీ రొదలో వాళ్లు తనకు ఎప్పుడూ కనబడలేదన్నాడు.

నాకు సర్కారు బడిలో ఉద్యోగం వచ్చి జగిత్యాలకు వచ్చేటప్పుడు ఆటను ఆయన దగ్గరే వదిలేశాను. మామను చివరిసారి చూసింది ఆయన చనిపోయే ముందు ఏడాది. బాగా చిక్కిపోయాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. చెవుల్లో ఆ మోత ఇప్పుడెలా ఉంది మామా అని అడిగాను.

"మోత ఆగలేదు బిడ్డా, నడుస్తనే ఉన్నది," అన్నాడు. "కానీ ఎవని ఇంట్లకెల్లి వస్తున్నదో ఎరుకైంది. గంతే. ఇగ ఊరంత తిరుగుడు తప్పింది."

ఆ మాట నన్ను వదలదు. నేను నెమ్మదస్తురాలిని కాలేదు, కాను కూడా. తరగతిలో ఏ పిల్లైనా పదే పదే లేచి కిటికీ దగ్గరికి పోతుంటే నాకు ఇప్పటికీ చెయ్యి దురద పెడుతుంది. అప్పుడు ఆగి, ఆమెను దగ్గరికి పిలిచి, నీకు ఏం వినబడుతోందమ్మా అని అడుగుతాను. కొందరు చెబుతారు, కొందరు చెప్పరు. ఇక ఎవరి మీదైనా కోపం తలకెక్కి వాళ్లింటి తలుపు కొట్టబోయినప్పుడు, ముందు నా ఇంటి తలుపు తీసి చూసుకుంటాను. చాలాసార్లు సాంచా అక్కడే నడుస్తూ ఉంటుంది.