ఐదు కిలోల జొన్నపిండితో సూరత్‌కు

సూరత్ వెళ్లొచ్చానంటే అందరూ చీరలు తెచ్చావా, లోచో తిన్నావా అని అడుగుతారు. నేను వెళ్లింది జొన్నరొట్టె కోసం. నవ్వకండి. సిరిసిల్లలో మా ఇంటి పక్క సందులోనే దొరికే జొన్నరొట్టె కోసం, కరోనా రోజుల్లో, ముక్కులో పుల్ల పెట్టించుకుని, రిపోర్టు చేతబట్టుకుని రైలెక్కాను. దీనికంతటికీ కారణం మా బాపు. ఇరవై రెండేళ్లు సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేశాడు. ఆ ఇరవై రెండేళ్లూ ఫోన్‌లో ఒకటే పాట: ఉడుకుడుకే పెడ్తరు గానీ ఇక్కడి రొట్టెలు రొట్టెలే కావు, మీ అమ్మ చేతి రొట్టె యాదికొస్తున్నది. 2020 లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి, కార్మికుల రైల్లో ఇల్లు చేరాడు. వారం తిరగకముందే పాట మారింది. "ఏమన్నగానీ, సూరత్ రొట్టె రుచే వేరు!"

అమ్మ పొద్దున్నే లేచి, పెనం మీది నుంచి నేరుగా ఆయన పళ్లెంలోకి పొగలు కక్కే రొట్టె వేసేది. ఆయన ఒక ముక్క తుంపి, నమిలి, పళ్లెం పక్కకు జరిపేవాడు. అన్నమూ అంతంతే. దసరా నాటికి బెల్టుకు కొత్తగా రెండు బెజ్జాలు పొడవాల్సి వచ్చింది. డాక్టరుకు చూపిస్తే రోగమేమీ లేదన్నాడు. చలికాలం వచ్చేసరికి అమ్మ రొట్టెల పెనం అటక మీద పెట్టేసింది. ఇద్దరికీ మాటల్లేవు. "చాయ్ కావాల్నా అడుగు", "అక్కర్లేదని చెప్పు" అంటూ నా ద్వారా నడిచేది సంసారం. నాకు విసుగొచ్చి ఉద్యోగానికి నాలుగు రోజులు సెలవు పెట్టాను. అమ్మ ఐదు కిలోల పిండి సంచి నా భుజానికి తగిలించింది. "గా రాజవ్వ చేతిల ఏమున్నదో సూసి రా. నా పిండితోనే చేయించు. తప్పు పిండిదా, నాదా తేలిపోతది." రాజవ్వ అంటే సూరత్‌లో బాపు తిన్న మెస్సు నడిపే ఆమె.

అప్పట్లో రిజర్వేషన్ లేనిదే రైలెక్కనిచ్చేవారు కాదు. వరంగల్‌లో రాత్రి ఎక్కితే సూరత్‌లోని ఉధనా స్టేషన్‌లో దిగేసరికి మర్నాడు మధ్యాహ్నం రెండున్నర. స్లీపర్ టికెట్ ఆరువందల లోపే. స్టేషన్ బయట జ్వరం చూసే మనిషి నా రిపోర్టు కన్నా పిండి సంచిని ఎక్కువసేపు పరీక్షించాడు. జొన్నపిండి అంటే, "సూరత్ మే నహీ మిల్తా క్యా?" అన్నాడు, ఇక్కడ దొరకదా అని. వరసలో ఉన్న మిగతావాళ్లు నవ్వారు. నేను సంచి భుజానికెత్తుకుని ఆటోల వైపు నడిచాను.

బాపు తిన్న మెస్సు ఉన్న పాండేసరకు ఆటో నూట ఇరవై రూపాయలు. డ్రైవర్ కాఠియావాడ్ వైపు మనిషి. నేను వచ్చిన పని చెప్పగానే బండి నెమ్మది చేసి మరీ వెనక్కి తిరిగాడు. "జొన్నరొట్టా? అది జ్వరమొచ్చినవాళ్లు తినేది బెహన్. మా 'రోట్లో', అదే రొట్టె, అంటే సజ్జది. దాని మీద నెయ్యి, పక్కన బెల్లం" అని హిందీలో పాఠం మొదలుపెట్టాడు. ముందు రోడ్డు చూడు భాయ్ అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎవరి రొట్టె వాళ్లకు దేవుడు, మధ్యలో నా ప్రాణం పోయేలా ఉంది.

తీరా బాపు చెప్పిన గుర్తుల ప్రకారం వెళితే మెస్సుకు షట్టర్ వేసి ఉంది. దుమ్ము చూస్తే నెలల తరబడి తీసినట్టు లేదు. బయల్దేరే ముందు ఒక్క ఫోన్ చేయాలన్న బుద్ధి మా ముగ్గురిలో ఒక్కరికీ పుట్టలేదు. పక్క టీ బండి దగ్గర తెలుగు వినపడితే వెళ్లి, బాపు పేరు చెప్పి రాజవ్వ గురించి అడిగాను. మాస్కు గడ్డం కింద పెట్టుకున్న ఒకాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నర్సయ్య అన్న బిడ్డవా? గాయన పొద్దున లేస్తే గా రొట్టెల్ని తిట్టుడే గదా!"

"ఇప్పుడు అవే కావాలంటున్నాడు."

ఆయన నవ్వీ నవ్వీ టీ ఒలకబోసుకున్నాడు. "రాజవ్వ లింబాయత్‌కు మారింది. జర జల్ది పో, ఐదయితే పనిల పడ్తది."

షేరింగ్ ఆటోకు ఇరవై రూపాయలు. ముగ్గురే ఎక్కాలని నిబంధన, ఎక్కింది ఆరుగురం. లింబాయత్ సందుల్లో రెండు వైపులా మగ్గాల చప్పుడు. అది విన్నాక, బాపు ఇంట్లో అంత గట్టిగా ఎందుకు మాట్లాడతాడో అర్థమైంది. రాజవ్వ ఒంటి గది ముందు పొయ్యి పెట్టుకుని రొట్టెలు తడుతోంది. అరవై దాటిన మనిషి, చేతులు మాత్రం ఆగవు. నేను చెప్పిందంతా విని నడుం మీద చెయ్యేసుకుంది.

"నర్సయ్య నా రొట్టె మంచిగున్నదన్నడా? ఎన్నడన్న ఒక్క మాట నా ముంగట అన్నడా? 'మా ఇంట్ల గిట్ల ఉండయి' అని నా పానం తిన్నడు బిడ్డా!"

అయినా సంచి విప్పి మా పిండి పోసింది. నేను పుస్తకం, పెన్ను తీసి పక్కనే కూర్చున్నాను. ఉడుకు నీళ్లు పోయడం, పిండి మెదపడం, తట్టడం, పైన తడి చెయ్యి రాయడం, అన్నీ రాసుకున్నాను. అన్నీ అమ్మ చేసినట్టే. మొదటి రొట్టె వంకాయ కూరతో నా చేతికిచ్చింది. తిన్నాను. అచ్చం అమ్మ రొట్టె. ఏ తేడా లేదు. ఇంత దూరం వచ్చి మా ఇంటి రొట్టే తిన్నానని తెలిసేసరికి ఒళ్లు మండిపోయింది.

"పెద్దమ్మా, మా బాపు తిన్నది ఇదేనా?"

"ఇది ఉడుకుది గదా. మీ బాపు ఇది ఎన్నడు తిన్లే."

నా పెన్ను ఆగిపోయింది. రాజవ్వ రొట్టెలు గుడ్డ మీద పరుస్తూ చెప్పింది. "నైట్ పాలి గదా ఆయనది, రాత్రంత మగ్గం మీద పని. పొద్దుగాల ఏడింటికి వచ్చేటోడు. గప్పుడు నేను డే పాలోళ్ల డబ్బాలకు అన్నం వండుతుంట. పొయ్యి ఖాళీ ఉండదు. పొద్దుమూకి చేసిన సద్ది రొట్టెలే అందరికి. కటకట విరిగేటియి. చాయ్‌ల ముంచుకొని తినేటోడు. తిట్టేటోడు, తినేటోడు. గా గడప మీద కూసొని మీ అమ్మకు ఫోన్ చేసి, ఉడుకుడుకు తిన్న అని చెప్పేటోడు."

నాకు మళ్లీ కోపమే వచ్చింది, కానీ ఎవరి మీదో తెలియలేదు. పెనం అటకెక్కేదాకా అమ్మ రోజూ పొగలు కక్కే రొట్టె వేసింది, ఆయన నోరేమో ఎండిన రొట్టెను వెతుక్కుంది. ఆ సంగతి ఆయనకే తెలియదు. కర్ఫ్యూ వల్ల ఆ రాత్రి రాజవ్వ గదిలోనే పడుకున్నాను. మా పిండితో చేసిన ఇరవై రొట్టెలు గుడ్డలో చుట్టి ఇచ్చింది.

ఇల్లు చేరేసరికి అవి అప్పడాల్లా తయారయ్యాయి. బాపు ఒకటి తీసుకుని కటుక్కున విరిచి, టీలో ముంచి, మూడు తిన్నాడు. ఏమీ తిట్టకుండా తిన్నాడు. అమ్మ వాకిట్లో నిలబడి చూసింది. పిండి నీదేనమ్మా, సద్దివి కావడమే రుచి అని జరిగిందంతా చెప్పాను. అమ్మ నెలల తర్వాత నేరుగా ఆయనతో మాట్లాడింది.

"రోజు ఉడుకుడుకు తిన్న అంటివి గదా?"

బాపు టీ గ్లాసులోకే చూస్తూ అన్నాడు. "సద్దివి తింటున్న అని చెప్తే, నువ్వు ఈడ ఉడుకుది తింటుంటివా?"

అమ్మకు కళ్లనిండా నీళ్లు. లోపలికి వెళ్లి, అటక మీది పెనం దించమని నన్ను పిలిచింది. ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రమే రొట్టెలు చేసి గుడ్డ కప్పుతున్నారు. రెండున్నర రోజులు రైళ్లలో, ఆటోల్లో నలిగిపోతే తేలిందేమిటంటే రొట్టెను చల్లారనివ్వాలని. విసుగు పోలేదు గానీ, ఇరవై రెండేళ్లు ఫోన్‌లో అబద్ధం చెప్పి ఇంట్లో మనిషికి తిండి సయించేలా చేసిన వాణ్ని ఎంతసేపని తిట్టుకుంటాం? అమ్మ కూడా పొద్దున ఆయన పక్కన కూర్చుని సద్ది రొట్టే తింటోంది. మంచిగుందా అంటే, "ఏం మంచి, రాయి లెక్క ఉన్నది" అంటుంది, ఇంకో ముక్క విరుచుకుంటూ.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: లింబాయత్ మెస్సుల్లో ఉడుకు రొట్టె కావాలంటే సాయంత్రం ఐదు, ఏడు మధ్యే వెళ్లండి. ఆ తర్వాత గుడ్డ కప్పేస్తారు, అవి పొద్దున పాలి దిగి వచ్చేవాళ్లవి.