ఆనుకుని అన్నా, పక్కన అన్నా

ఆఫీసంతా కొలతలమ్మ అని పిలిచే ఆ సర్వేయరుకు ఇరవై రెండేళ్ల సర్వీసులో అంత కోపం ఎన్నడూ రాలేదు. ఒక సందులో మంచినీళ్ల గొట్టం "గోడను ఆనుకుని ఉంది" అని ఆమె రాసిస్తే, పై అధికారి దాన్ని "గోడ పక్కన ఉంది" అని దిద్దాడు. ఆ కాగితం చూసి, అక్కడ కాలువ తవ్వడానికొచ్చిన పనివాళ్లు గొట్టం కాస్త ఎడంగా ఉంటుందనుకుని, గోడ వారగానే గునపం దించారు. గొట్టం పగిలింది. మూడు రోజులుగా ఆ సందులో నీళ్లు లేవు, తిట్లన్నీ ఆమెకే.

"ఆనుకుని అంటే మధ్యలో వేలు కూడా దూరకూడదు సార్. పక్కన అంటారా, మా ఆడపడుచు ఇల్లూ మా పక్కనే, మధ్యలో నాలుగు ఇళ్లున్నాయి!"

"రెండూ ఒకటేలేమ్మా. అందరికీ అర్థం కావాలని తేలిక మాట రాశాను."

"అర్థమయ్యే కదా సార్, గునపం దించింది!"

అధికారి వినిపించుకోలేదు. సంజాయిషీ రాసిమ్మన్నాడు. ఆమె పళ్లు కొరుక్కుంటూ, "నేను తీసిన కొలత సరైనదే" అని రాసి సంతకం పెట్టింది.

సాయంత్రానికి ఆ కాగితం తిరిగొచ్చింది. "సరైనదే" అన్న మాటకు ముందు ఎర్రసిరాతో "సుమారుగా" అని చేర్చి ఉంది. ఆమె దాన్ని నిలువునా చింపి, కొత్త కాగితం తీసి మొదటి నుంచీ రాయసాగింది.