దూకిన రాజు

కమలాపురం ఓబుళరెడ్డి ఆటకు కూర్చుంటే తలపాగా తీసి మోకాలికి తగిలించేవాడు. కర్నూలు రాజధాని అయిన ఏడు కడపలో చదరంగం పోటీ పెట్టారు. మొదటి ఎత్తులో బంటును రెండు గళ్లు నడపొచ్చన్నా, ఓబుళరెడ్డి ఊరి పద్ధతిలో ఒక్క గడే జరిపి, "బంటుకు అంత ఆత్రమెందుకప్పా?" అన్నాడు. ఆఖరి ఆటలో నాలుగు వైపులా ముట్టడి పడితే, ఆయన రాజు గుర్రం మాదిరి ఒక్క దూకు దూకి బయటపడ్డాడు. ఊళ్లలో ఆటకొకసారి రాజుకు ఆ హక్కుంది, పోటీలో లేదు. ఎదుటి కుర్ర ప్లీడరూ, తీర్పరీ కూడా అరుగుల మీద ఆట నేర్చినవాళ్లే కాబట్టి ఎవరికీ తప్పు తోచలేదు. గెలిచి, మెడలో దండ పడ్డాక ఓబుళరెడ్డికే తట్టింది. ఆ దండ తీసి ప్లీడరు మెడలో వేశాడు.

"మా రాజు దూకినాడప్పా. ఈడ దూకగూడదంట గదా. ఆట నీదే."

మరునాడు కమలాపురంలో, అరుగు మీద, ఆయన రాజు మళ్లీ దర్జాగా దూకాడు.