తేనెనోటికి పడిన కుట్టు

వకీళ్ళ నల్లకోట్లు కుట్టే అక్క కోపం వస్తే అరవదు, మిషను గట్టిగా తొక్కుతుంది. ఆ సంగతి తోటి దుకాణాల వాళ్ళందరికీ తెలుసు. దుకాణాల సంఘం పెద్ద అటుగా నడిచినప్పుడల్లా ఆ చప్పుడు పెరుగుతుందని ఆయనొక్కడికే తెలియదు. తన గొంతు తప్ప మరో చప్పుడు వినే అలవాటు ఆయనకు లేదు మరి. అందరూ ఆయన్ని చాటుగా తేనెనోరు అనేవారు.

ఒకే కప్పు కింద ఉన్న ఆ దుకాణాలకు ఒక కట్టుబాటు ఉంది. మూడేళ్ళకోసారి అందరూ కూర్చుని, ఎవరి చోటు ఎక్కడో చేతులెత్తి తేల్చుకుంటారు. సంఘం పెద్ద చివర మాట్లాడతాడు. ఆయన తర్వాత ఎవరూ నోరెత్తకూడదు. అక్కది గుమ్మం పక్క మూల. పగటి వెలుగు నేరుగా బల్ల మీద పడేది. నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టే మనిషికి ఆ వెలుగే కూడూ గుడ్డా.

ఆ మూల ఎలా పోయిందో అక్క జన్మలో మరవదు.

"మన దుకాణాలకి పదిమందీ రావాలా, వద్దా?" అని అడిగాడు తేనెనోరు.

"రావాలి!"

"కుర్రకారు కూడా రావాలా, వద్దా?"

"రావాలి!"

"గుమ్మం చూడగానే కళకళలాడాలా, వద్దా?"

"ఆడాలి!"

"మరి ఆ మూల ఫోన్ల దుకాణానికి ఇచ్చేద్దామా?"

"ఇచ్చేద్దాం!" అని నోళ్ళు అనేశాక గానీ, ఆ దుకాణం ఆయన మేనల్లుడిదని బుర్రలకు తట్టలేదు. కొందరు అక్క వైపు చూసి నసిగారు.

"ఆవిడ మొగుడు ఇల్లొదిలి ఎందుకు పోయాడో నేను ఎత్తను. అది ఆవిడ సొంత విషయం" అన్నాడాయన. ఎత్తనంటూనే ఎత్తి ఊరేగించాడు, పాపాత్ముడు! అక్కకు దుఃఖం ఆగలేదు. అందరి ముందూ బావురుమంది.

"చూశారుగా, చెప్పుకోడానికి మాట లేనివాళ్ళు కన్నీళ్ళతో పని జరిపించుకుంటారు" అన్నాడు. కొందరు నవ్వారు. చేతులు లేచాయి.

అక్క మిషను వెనక నీళ్ళ ట్యాంకు పక్కకు చేరింది. ట్యూబులైటు కింద నల్లదారం దారి తప్పింది. ఒక వకీలు తన కోటు మొహాన కొట్టినంత పని చేశాడు. కోటుపని పోయి, చిరుగులకు మాసికలు వేసే పని మిగిలింది. కళ్ళు మండేవి. వాటికంటే కడుపు ఎక్కువ మండేది. "ఆ నోరు మూతపడాలి. మూల సంగతి తర్వాత" అనుకుంది.

ఎరగని కోటు చేతికొస్తే అక్క దాన్ని కుట్టు కుట్టూ విప్పి చూస్తుంది. ఎక్కడ ముడి ఉందో తెలిస్తే అలాంటిది తానే కత్తిరించగలదు. తేనెనోటినీ అలాగే విప్పడం మొదలుపెట్టింది. ఆయన ప్రతి సభలోనూ వెనక కూర్చుని విన్నది. నలుగురూ చప్పట్లు కొడుతుంటే ఆమె కుట్లు లెక్కపెట్టింది.

ఆనక ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టి, బొత్తాలమ్మే వదినకూ చెప్పులు కుట్టే తాతకూ చెప్పింది.

"మూడు ప్రశ్నలడిగి ఔననిపిస్తాడు చూడు, అవి బొత్తాలు. మూడు పెట్టుకున్నవాడు నాలుగోది చూడకుండానే పెట్టుకుంటాడు."

"మరి నేనెత్తను, నేననను అంటాడే?" అని అడిగింది వదిన.

"అది అస్తరు. కోటు లోపలి గుడ్డ పైకి కనపడదు, ఒంటికి రాసుకునేది అదే."

"ఇలా చేస్తే బతుకుతాం, లేదా మునుగుతాం అని బెదిరిస్తాడమ్మా" అన్నాడు తాత.

"కత్తెర! రెండంచుల మధ్యా మనల్ని పెడతాడు. మూడో దారి లేదని ఎవరన్నారు?" అంది అక్క. "చివర్లో కండువాతో కళ్ళొత్తుకుంటాడే, అది చమ్కీ. ఊడిపడేదాకా మెరుస్తుంది."

తాత పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు దుకాణం నుంచి దుకాణానికి పాకింది. మళ్ళీ చోట్ల పంపకాల రోజు వచ్చేసరికి ఆ పేర్లు రానివాళ్ళు లేరు, మామామేనల్లుళ్ళు తప్ప.

అక్క తన మూల తనకిమ్మని ఒక్క ముక్క అడిగి కూర్చుంది. తేనెనోరు చివర లేచాడు. ఆయన తర్వాత నోరెత్తకూడదు గానీ, ఆయన మాట్లాడుతుండగా ఎత్తకూడదని కట్టుబాటేమీ లేదు.

"మన దుకాణాలు పచ్చగా ఉండాలా, వద్దా?"

"బొత్తం" అన్నాడు తాత.

పెద్దాయన తడబడి, "ఆవిడ చేతిపని పాడైపోయిందని నేననను..." అన్నాడు.

"అస్తరు!" అన్నారు నలుగురైదుగురు.

"ఫోన్ల దుకాణం ఉంటే బతుకుతాం, లేకపోతే..."

"కత్తెర!" అని కప్పు ఎగిరిపోయేలా అరిచారు.

కండువా కళ్ళ దాకా వెళ్ళింది. చమ్కీ అని ఎవరూ అనక్కర్లేకపోయింది, నవ్వే అనేసింది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, కూర్చున్నాడు. చేతులు అక్క వైపు లేచాయి. ఆ క్షణాన అక్క కళ్ళు మూల వైపు చూడలేదు. మూతపడ్డ ఆ నోటినే చూశాయి, కరువుతీరా.

కోటుపని తిరిగొచ్చింది. ఒక మధ్యాహ్నం పెద్దాయన మైకూ మందీ లేకుండా ఒంటరిగా వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. వదిన పక్కనే బొత్తాలు ఏరుతోంది.

"అమ్మాయ్, మూల నీదే. దాని కోసం రాలేదు" అన్నాడు. "ఇంట్లో మనవరాలికి కథ చెబుతుంటే, 'తాతయ్యా, అస్తరు!' అని నవ్వి లేచిపోతోంది. నా దగ్గర కూచోడం మానేసింది. అవి ఇక్కడ విన్న మాటలే. ఇంక ఆపమని ఈ దుకాణాలవాళ్ళకి నువ్వు చెబితే వింటారు."

కండువాతో ఒత్తుకోవడం కూడా మరిచిపోయాడు, నీళ్ళు గడ్డం మీదికి జారాయి.

"పోనీలేవే, పెద్దవాడు" అని గొణిగింది వదిన.

అక్క తలెత్తి, ఆ మంచి వెలుగులో ఆయన ముఖాన్ని తీరిగ్గా చూసింది. ఎక్కడా కుట్టు లేదు. అవి నిజమైన కన్నీళ్ళే. ఆనాడు తనవీ నిజమైనవే.

"చమ్కీ" అంది, మిషను తొక్కుతూ.